గడ్డకొక పరీక్ష, నొప్పికొక పరీక్ష

రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలిందంటే, ఆ రోజు నుంచి ఒంట్లో ఉన్న ప్రతి నొప్పీ దాని ఖాతాలోకే పోతుంది. ఏళ్ల తరబడి ఉన్న మెడ పట్టు, దండెం మీద బట్టలు ఆరేస్తుంటే జబ్బలో కలుక్కుమనే పోటు, సాయంత్రానికి వీపు రెక్క పక్కన మొదలయ్యే సలుపు, ఇవన్నీ నిన్నటిదాకా ‘పని ఎక్కువైంది’ అనుకుని అమృతాంజనం రాసుకుని పడుకున్నవే. ఇప్పుడు మాత్రం ‘గడ్డ ఎముకల్లోకి పాకిందేమో’ అనే భయం వాటికి తోడవుతుంది. భర్తతో చెప్పరు. కంగారు పడతారని పిల్లలతోనూ చెప్పరు. అర్ధరాత్రి ఫోన్‌లో వెతికితే కనిపించేవన్నీ ఇంకా భయపెట్టేవే.

ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. గడ్డనీ నొప్పినీ మీ అంతట మీరు ముడివేయకండి. గడ్డ ఏమిటో గడ్డను పరీక్షించి తేల్చుకోవాలి. నొప్పి ఎక్కడిదో నొప్పిని పరీక్షించి తేల్చుకోవాలి. గడ్డ వల్ల ప్రమాదం లేదని రిపోర్టు వచ్చినంత మాత్రాన భుజం నొప్పికి కారణం దొరికినట్టు కాదు. భుజం నొప్పి మెడ నుంచి వస్తోందని తేలినంత మాత్రాన గడ్డను వదిలేయడానికీ వీల్లేదు.

నొప్పి విషయంలో మనందరి మనసుల్లో పాతుకుపోయిన లెక్క ఒకటుంది. నొప్పి పుడితే భయపడతాం, నొప్పి లేకపోతే ధైర్యంగా ఉంటాం. రొమ్ము దగ్గర ఈ లెక్క పనికిరాదు. రొమ్ము క్యాన్సర్ తొలిదశలో చాలామందికి నొప్పే ఉండదు. గట్టిగా, అంచులు సరిగా తెలియకుండా, నొక్కినా బాధ లేకుండా ఒక గడ్డ మాత్రం ఉంటుంది. ‘నొప్పి లేదుగా’ అని నెలలు గడిపేసేది అందుకే. గడ్డేమీ లేకుండా ఒట్టి నొప్పితో వచ్చినవాళ్లలో క్యాన్సర్ బయటపడటం అరుదు. ప్రపంచ క్యాన్సర్ లెక్కలైన గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఏడాది సుమారు 1.92 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ కొత్తగా వచ్చింది, దాదాపు 98 వేల మంది దానితో చనిపోయారు. ఇన్ని ప్రాణాలు పోవడానికి ఒక పెద్ద కారణం జబ్బు ముదిరాక ఆసుపత్రికి రావడం. ఈ అంకెలు బెదిరించడానికి రాయలేదు. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం, ముఖ్యంగా నలభై ఏళ్ల లోపు వాళ్లలో, క్యాన్సర్ కానివే. కానీ ఏది అవునో ఏది కాదో చేత్తో తడిమి ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం.

పదిహేను నుంచి ముప్ఫై అయిదేళ్ల మధ్య వయసులో కనిపించే గడ్డ చాలాసార్లు ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ. నున్నగా ఉండి, వేలు పెడితే చటుక్కున పక్కకు జారుతుంది. సాధారణంగా 1 నుంచి 3 సెంటీమీటర్ల లోపు ఉంటుంది. పెళ్లి కావలసిన పిల్లకు ఇది ఉందని తెలిస్తే మన ఇళ్లలో రెండు రకాల తొందరలు చూస్తాం. కొందరు ఎవరికీ తెలియకుండా దాచేస్తారు, కొందరు సంబంధాలు చూడకముందే కోయించేయాలంటారు. రెండూ అక్కర్లేదు. పరీక్షల్లో ఫైబ్రోఅడినోమా అని రూఢి అయ్యి, పెరగకుండా ఉంటే, డాక్టరు చెప్పిన గడువులో స్కానింగ్ తీయించుకుంటూ దాన్ని అలాగే ఉంచేయవచ్చు. పెద్దదైతే, పెరుగుతుంటే, లేదా అది ఉందన్న దిగులుతో మనిషికి స్థిమితం లేకపోతే తీయించుకోవచ్చు. అది ఉన్నందువల్ల పెళ్లికి అడ్డు లేదు, కాన్పుకు అడ్డు లేదు. కడుపుతో ఉన్నప్పుడు కొంచెం పెరగవచ్చు. ముట్లు ఆగిపోయాక చాలామందిలో కుంచించుకుపోతుంది.

ముప్ఫై అయిదు దాటి యాభై దాకా ఎక్కువగా కనిపించేవి నీటితిత్తులు. ఒక్కోసారి రాత్రికి రాత్రే పుట్టినట్టు తగులుతాయి, నొప్పి కూడా ఉంటుంది. సన్నని సూదితో నీరు లాగేస్తే గడ్డ అక్కడికక్కడే పోతుంది. నెలసరికి వారం పది రోజుల ముందు రెండు రొమ్ములూ బరువెక్కి, చంక వైపు పైభాగం గడ్డలు గడ్డలుగా తగలడం, నెలసరి వచ్చాక అది తగ్గిపోవడం కూడా ఈ వయసులో మామూలే. బాలింతలకు పాలు కట్టుకుని గడ్డవుతాయి, ఒక్కోసారి చీము పడుతుంది. దెబ్బ తగిలిన చోట కొవ్వు గట్టిపడి అచ్చం క్యాన్సర్ గడ్డలాగే అనిపించవచ్చు. యాంటీబయాటిక్‌లకు లొంగకుండా మళ్లీ మళ్లీ చీముపట్టే గడ్డ ఉంటే క్షయ పరీక్ష కూడా చేయించాలి. మన దేశంలో టీబీ ఊపిరితిత్తులకే కాదు, రొమ్ముకూ వస్తుంది.

ఇన్ని రకాలున్నాయి కాబట్టే ఒక్క పరీక్షతో ఆపరు. డాక్టరు చేత్తో చూస్తారు. తర్వాత స్కానింగ్: చిన్న వయసువాళ్లకు అల్ట్రాసౌండ్, నలభై దాటినవాళ్లకు దానితోపాటు మామోగ్రామ్. అనుమానం మిగిలితే సూది పరీక్ష. ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. స్కానింగ్ ఏమీ లేదన్నా డాక్టరు చేతికి గట్టిగా తగులుతున్న గడ్డ ఉంటే అక్కడితో ఆగిపోకూడదు. ‘మామోగ్రామ్‌లో ఏం రాలేదు కదా’ అని గడ్డను వెంటబెట్టుకుని ఇంటికొచ్చేసేవాళ్లు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవాలి. యాభై లోపు చాలామంది రొమ్ములు దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ కనిపించకపోవచ్చు.

రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. ల్యాబ్ నుంచి ఇంటికొచ్చే దారిలోనే దాన్ని ఫోన్‌లో వెతికి ఏడ్చేవాళ్లున్నారు. 1 అంటే ఏమీ కనిపించలేదు. 2 అంటే కనిపించింది కానీ ప్రమాదం లేనిది. 3 అంటే ప్రమాదం లేనిదేనని దాదాపు నమ్మకం, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు లోపే, ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. 4 అంటే క్యాన్సర్ అని కాదు, సూది పరీక్ష తప్పనిసరి అని. 5 అంటే అనుమానం చాలా గట్టిది. 0 వస్తే బెంబేలు పడకండి, ఇంకో పరీక్ష చేస్తే గానీ చెప్పలేమని అర్థం. సూది పరీక్ష రిపోర్టులో క్యాన్సర్ లేదని ఉండి, పక్కన ‘ఎటిపియా’ అనే మాట కనిపిస్తే మాత్రం డాక్టరును ప్రత్యేకంగా అడగండి. కణాల్లో కొంత తేడా ఉందని దానర్థం. అలాంటివాళ్లకు ముందుముందు క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ కాబట్టి ఏటా చూపించుకుంటూ ఉండాలి.

‘సూది గుచ్చితే మామూలు గడ్డ క్యాన్సర్‌గా మారుతుంది, కత్తి పెడితే పాకుతుంది’ అనే మాట మన ఊళ్లలో ఎంతమందిని ఆసుపత్రికి రాకుండా ఆపిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. మంచి గడ్డను సూది క్యాన్సర్‌గా మార్చలేదు. క్యాన్సర్ ఉన్నవాళ్లకు కూడా ఏ మందు పనిచేస్తుందో తెలిసేది ఆ సూది తెచ్చిన ముక్కతోనే. ఆకుపసరు కట్లు, పట్టు వేయడాలు గడ్డను కరిగించవు. పైచర్మం కాలి, పుండు పడి, రేపు డాక్టరుకు అసలు సంగతి అర్థం కాకుండా చేస్తాయి. నల్ల బ్రా వల్ల, జాకెట్లో ఫోన్ పెట్టుకోవడం వల్ల క్యాన్సర్ వస్తుందన్న మాటలకూ రుజువు లేదు.

మరి ఇంట్లో మనకు మనం చూసుకోవాలా? దీని మీద ప్రపంచంలో పెద్ద ప్రయోగాలే జరిగాయి. చైనాలోని షాంఘైలో జౌళి మిల్లుల్లో పనిచేసే సుమారు 2.66 లక్షల మంది స్త్రీలతో చేసిన అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. తమ రొమ్ములు తామే పరీక్షించుకోవడం నేర్చుకున్నవాళ్లలో మరణాలు తగ్గలేదు. ప్రమాదం లేని గడ్డలు మాత్రం ఎక్కువగా బయటపడ్డాయి. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి మురికివాడల్లోని లక్షన్నర మంది స్త్రీలతో ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. అక్కడ శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. క్యాన్సర్లు తొలి దశలోనే దొరికాయి, యాభై దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రం లేదు, నేర్చుకున్న చేయి ఉంది. ఈ రెండింటి నుంచి నేను తీసుకున్నది ఇది: క్యాలెండర్ పెట్టుకుని, భయపడుతూ రోజూ తడుముకోవడం వద్దు. మీ రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో మీకు తెలిసి ఉండాలి. నెలసరి అయిపోయిన కొద్ది రోజులకు, స్నానం చేసేటప్పుడు, వేళ్ల కొసలతో కాకుండా వేళ్ల మెత్తని భాగంతో చంక దాకా చూసుకుంటే చాలు. కొత్తగా ఏదైనా తగిలితే, చనుమొన లోపలికి లాక్కుపోతే, దాని నుంచి నెత్తురు లాంటిది కారితే, చర్మం సొట్టపడితే లేదా నారింజ తొక్కలా మందమైతే, చంకలో బిళ్ల కడితే వెళ్లి డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పుడు నొప్పి దగ్గరకొద్దాం. దీని మీద ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ పట్టించుకోరు. ‘గడ్డ మంచిదే, టెన్షన్ తగ్గించుకోమ్మా’ అని పంపించేస్తారు. ఇంటికొచ్చాక భుజం సలుపు అలాగే ఉంటుంది. చెబితే ‘రిపోర్టు బాగానే ఉందిగా, ఇంకా ఏంటి’ అంటారు. ఆమె నొప్పి అబద్ధం కాదు. దానికి కారణం వేరే చోట ఉంది, అంతే.

నిజంగా రొమ్ములోనే పుట్టిన నొప్పి చంకలోకి, పైచేతి లోపలి వైపుకు పాకవచ్చు. నెలసరికి ముందు వచ్చి తర్వాత తగ్గితే అది ఇదే అయ్యుండవచ్చు. తేల్చుకోవడానికి డాక్టర్లు చేసే చిన్న పరీక్ష ఒకటుంది. ఒక పక్కకు తిరిగి పడుకుంటే రొమ్ము పక్కకు ఒరిగి కింద పక్కటెముకలు చేతికి అందుతాయి. అప్పుడు ఎముక మీద నొక్కితే సరిగ్గా మీరు చెప్పే నొప్పే వస్తే, అది ఛాతీ గోడది. పక్కటెముకలు ఛాతీ మధ్య ఎముకతో కలిసేచోట వాచినా ఇలాగే ఉంటుంది. ఎంతోమంది నెలల తరబడి ‘రొమ్ము నొప్పి’ అనుకున్నది ఈ ఒక్క నొక్కుతో పక్కటెముక నొప్పి అని తేలుతుంది.

పెద్ద రొమ్ములున్నవాళ్లకు మెడ, భుజాలు, వీపు పైభాగం నొప్పి పుట్టడం సహజం. రోజంతా ఆ బరువు ముందుకు లాగుతుంటే వెనక కండరాలు దాన్ని మోస్తాయి. బ్రా పట్టీ భుజం మీద గాడి పెట్టిందంటే అది సరిగ్గా అమరలేదని అర్థం. ఛాతీ చుట్టూ ఉండే పట్టీ బరువు మోయాలి, భుజం పట్టీ కాదు. వెడల్పు పట్టీలు, సరైన కొలత ఉన్నది కొనుక్కుని కొన్ని వారాలు వాడి చూడండి. అంగట్లో మగవాళ్లున్నారని కొలత చెప్పకుండా, పదేళ్ల కిందటి కొలతతోనే కొనేసేవాళ్లు మనలో ఎందరో. ఈ చిన్న మొహమాటం రోజంతా మెడను బాధపెడుతుంది.

నలభై నుంచి అరవై మధ్య ఒక భుజం మెల్లగా బిగుసుకుపోవడం మరో మామూలు కారణం. వెనక్కి చేయి పెట్టి హుక్స్ పెట్టుకోలేరు, జడ అల్లుకోలేరు, ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. షుగర్ ఉన్నవాళ్లకు, థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఎక్కువ. కాబట్టి ఈ నొప్పితో వెళ్లినప్పుడు ఆ రెండు రక్తపరీక్షలూ చేయించుకోవడం మంచిది. కొందరికి షుగర్ ఉన్నట్టు మొదట తెలిసేది ఇక్కడే. నయం కావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. గోడకు వేళ్లు ఆనించి మెల్లగా పైకి పాకించడం, ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం రోజూ చేయాలి. నొప్పి అని చేతిని కదపకుండా ఉంచితే ఇంకా బిగుస్తుంది.

చేసే పని కూడా చూడండి. నిజామాబాద్, జగిత్యాల వైపు చేట ఒళ్లో పెట్టుకుని మెడ వంచి గంటల తరబడి బీడీలు చుట్టే ఆడవాళ్లకు వీపు రెక్కల మధ్య నొప్పి ఉందంటే, దాని జవాబు ఆ కూర్చునే తీరులోనే ఉంటుంది. వరి నాట్లు, పత్తి ఏరడం, కంప్యూటర్ ముందు ఉద్యోగం, పిల్లాణ్ని ఒకే చంకన ఎత్తుకోవడం, ఇవన్నీ ఇదే బాపతు. గడ్డ కనబడ్డాక ఇంకోటి తోడవుతుంది. తెలియకుండానే ఆ పక్క భుజం ముడుచుకుని నడుస్తారు, పదేపదే తడిమి చూసుకుంటారు. తడిమినకొద్దీ గడ్డ దగ్గర నొప్పి పెరుగుతుంది, ముడుచుకున్నకొద్దీ మెడ పట్టేస్తుంది. గడ్డ వల్లే నొప్పి అన్న అనుమానానికి అప్పుడు ఇంకా బలం వస్తుంది.

కొన్ని నొప్పులకు మూలం చాలా దూరంగా ఉంటుంది. విందు భోజనం తర్వాత కుడి వీపు రెక్క కింద వచ్చే పోటు పిత్తాశయంలో రాళ్లది కావచ్చు. మెడ నుంచి చేతివేళ్ల దాకా పాకుతూ తిమ్మిరెక్కే నొప్పి మెడ నరాలది. ఛాతీ బరువు, చెమట, ఆయాసం, దవడకో ఎడమచేతికో వీపుకో పాకే నొప్పి ఒక్కసారిగా మొదలైతే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు గుండెపోటు కొన్నిసార్లు ఇలా వీపులోనే మొదలవుతుంది. రాత్రి పడుకున్నా తగ్గని వెన్నునొప్పి, దానితోపాటు జ్వరం గానీ బరువు తగ్గడం గానీ, కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే ఆలస్యం పనికిరాదు. వెన్నెముకకు టీబీ వచ్చినా ఇలాగే ఉంటుంది. గతంలో రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నవాళ్లకు కొత్తగా వెన్నునొప్పి వస్తే బామ్ రాసుకుని ఆగకూడదు, తమ క్యాన్సర్ డాక్టరుకే చూపించుకోవాలి.

నెలసరితో వచ్చే రొమ్ము నొప్పికి చాలామందికి మందే అక్కర్లేదు. ‘ఇది క్యాన్సర్ కాదు’ అని పరీక్ష చేసి చెప్పిన మాటతోనే సగం తగ్గుతుంది. సరైన బ్రా, నొప్పి ఉన్నచోట పైపూతగా రాసే డైక్లోఫినాక్ జెల్ పనిచేస్తాయి. మన దగ్గర విరివిగా రాసే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ క్యాప్సూళ్ల మీద నాకు నమ్మకం లేదు. జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో అవి మందు లేని మాత్రల కంటే మెరుగని తేలలేదు. అప్పటికీ తట్టుకోలేనంత ఉంటే సెంట్‌క్రోమన్ మాత్ర ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందు అది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాయా పేరుతో ఉచితంగా ఇచ్చే కుటుంబ నియంత్రణ మాత్ర అదే. రొమ్ము నొప్పికి కూడా మన దేశపు డాక్టర్లు రాస్తారు. కానీ నెలసరి ఆలస్యం అవుతుంది, అందరికీ పడదు. ఆశా వర్కర్ దగ్గర దొరుకుతోంది కదా అని మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

చివరిగా, చెప్పుకోవడం. మా అమ్మమ్మల కాలంలో రొమ్ము గురించిన మాట ఆడవాళ్ల మధ్య కూడా గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు, ఇప్పటికీ పెద్దగా మారలేదు. డాక్టరు మగవాడైతే చూపించుకోవడానికి సిగ్గు. అలాంటప్పుడు లేడీ డాక్టర్ కావాలని అడగండి, లేదా పరీక్ష సమయంలో నర్సు గానీ మీ ఇంట్లో ఆడమనిషి గానీ పక్కన ఉండాలని చెప్పండి. అది మీ హక్కు, ఏ మంచి డాక్టరూ కాదనరు. ముప్ఫై దాటిన ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, తెలంగాణలో పల్లె దవాఖానలో, బస్తీ దవాఖానలో అడగండి. క్యాన్సరే అని తేలినా డబ్బు లేదని వెనక్కి తగ్గకండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్నాయి.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి. గడ్డ ఎప్పటి నుంచి ఉంది, నెలసరితో పెరిగి తగ్గుతోందా, అమ్మకో అక్కచెల్లెళ్లకో క్యాన్సర్ ఉందా. దాని కింద ఒక గీత గీసి నొప్పి గురించి విడిగా రాయండి: ఎక్కడ, ఎప్పుడు, ఏ పని చేస్తే పెరుగుతోంది, రాత్రి నిద్ర లేపుతోందా. మగవాళ్లు ఈ పుస్తకం చదువుతుంటే మీకొక మాట. ఇంట్లో ఆమె ‘ఏం లేదులే’ అంటే నమ్మి ఊరుకోకుండా, ఒక రోజు సెలవు పెట్టి వెంట వెళ్లండి.

ఇప్పుడు మీ చేతికి గడ్డ తగులుతూ ఉంటే, రెండు వారాల్లోపు ఒక డాక్టరు చేయి దాని మీద పడాలి, పండగలూ పరీక్షలూ పెళ్లిళ్లూ ఏవి ఉన్నా సరే. గడ్డ వల్ల ప్రమాదం లేదని చెప్పాక, ‘మరి నా భుజం నొప్పికి కారణం ఏమిటి?’ అని అడగకుండా ఆ గదిలోంచి లేవకండి.